పది వేల లోపు చిన్న ఫిల్మ్ కెమెరా, వెడల్పు లెన్స్‌తో: కోనసీమలో ఏది పనికొస్తుంది?

మీరు అడిగింది ఇదండి. నాన్నగారి యాషికా ఎంఎఫ్-2 సూపర్‌తో అమ్మమ్మగారి మండువా ఇల్లు తీస్తుంటే సగమే వస్తోంది, ఎంత వెనక్కి జరిగినా వీపుకి గోడ తగులుతోంది. జేబులో పట్టే ఫిల్మ్ కెమెరా కావాలి, లెన్స్ వెడల్పుగా ఉండాలి, పది వేలు దాటకూడదు. సంక్రాంతికి ప్రభల తీర్థం (బొంగులతో ఎత్తుగా కట్టిన ప్రభలని భుజాల మీద మోసుకొచ్చే జాతర) కూడా దాంతోనే తీయాలి. అప్పు చేసైనా రికో జీఆర్1 కొనమంటారా, యాషికా అమ్మేయమంటారా అని చివర్లో మరో రెండు ప్రశ్నలు వేశారు.

ముందు జవాబు చెప్పేస్తాను. 28 ఎంఎం దగ్గర మొదలయ్యే పాత జూమ్ కాంపాక్ట్, అంటే జేబు కెమెరా, కొనండి (లెన్స్ ఎంఎం అంకె ఎంత తగ్గితే ఫోటోలో అంత వెడల్పు పడుతుంది). నా మొదటి ఓటు ఒలింపస్ మ్యూ జూమ్ వైడ్ 80కి. అది దొరక్కపోతే పెంటాక్స్ ఎస్పియో 928. ఇవేవీ చేతికి వచ్చేలోపు రీలు అలవాటు చేసుకోవాలంటే, లేదా మీరు తీసేది చాలావరకు పగటిపూట ఆరుబయటే అయితే, కొత్తగా దొరికే రెటో అల్ట్రా వైడ్ అండ్ స్లిమ్ చాలు. జీఆర్1 కోసం అప్పు మాత్రం చేయకండి. కారణం కింద చెబుతాను.

నేను పాలకొల్లు దగ్గర ఇరవై ఏళ్ళకు పైగా స్టూడియో నడిపాను. పెళ్ళిళ్ళకి పెద్ద కెమెరా మెడలో వేసుకున్నా, జేబులో ఒక చిన్నది ఎప్పుడూ ఉండేది. విడిది ఇంట్లో, వంటపందిరి కింద, పల్లకి పక్కన ఇరుక్కుని తీయాల్సినవన్నీ దాంతోనే తీసేవాణ్ణి. స్టూడియో మూసేశాక కూడా పాత కాంపాక్ట్‌లు తెచ్చి, బాగుచేసి, అడిగినవాళ్ళకి ఇస్తున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ యాషికా లెన్స్ 38 ఎంఎం. అప్పట్లో అమ్మిన చిన్న కెమెరాలు చాలావరకు 35కి, 38కి మధ్యలోనే ఉండేవి. ఎదురుగా నిలబెట్టి ఇద్దరిని తీయడానికి అది చక్కగా సరిపోతుంది. ఇల్లు తీయడానికే సరిపోదు. ఎంత తేడా వస్తుందో మీరే లెక్క వేసుకోవచ్చు. ఫిల్మ్ గడి వెడల్పు 36 ఎంఎం. మీకూ వస్తువుకీ మధ్య దూరాన్ని 36తో గుణించి, లెన్స్ మీద రాసున్న ఎంఎంతో భాగించండి. ఫోటోలో ఎంత వెడల్పు పడుతుందో వచ్చేస్తుంది. వసారా గోడకి వీపు ఆనించి నిలబడితే ఎదుటి స్తంభం రెండు మీటర్ల దూరంలో ఉందనుకోండి. 38తో 1.9 మీటర్లు పడుతుంది. 28తో దాదాపు 2.6. 22తో దాదాపు 3.3. అంటే యాషికాలో స్తంభం, ఒక తలుపు రెక్క పడితే, 28లో ద్వారబంధం మొత్తం, పక్కన ఉయ్యాల బల్ల కూడా పడతాయి. కొనేముందు టేపు తీసుకెళ్ళి అమ్మమ్మగారి వసారా ఒకసారి కొలుచుకోండి. మీకు 28 చాలో, 22 కావాలో ఆ కొలతే చెబుతుంది.

నా అనుభవంలో మన ఇళ్ళకి 28 సరిపోతుంది. 22 అయితే అంచుల్లో ఉన్నవాళ్ళ మొహాలు సాగిపోతాయి. కుటుంబం అంతా నిలబడినప్పుడు చివరన ఉన్న పెద్దావిడ బుగ్గ అరచేయంత అయితే ఆవిడకీ నచ్చదు, మనకీ నచ్చదు. 28లో కూడా కొంచెం సాగుతుంది కాబట్టి పెద్దవాళ్ళని నడిమధ్య కూర్చోబెట్టి, పిల్లల్ని చివరలకి పంపించండి.

జూమ్ ఎందుకంటారా? ఇప్పుడు ఫిల్మ్ కెమెరాలు వెతికేవాళ్ళందరూ ఒకే ఎంఎం లెన్స్ ఉన్నవాటి మీదే పడుతున్నారు. జూములు అడిగేవాళ్ళు తక్కువ, అందుకే ధర తక్కువ. అందులోనూ చాలామంది గమనించనిది ఒకటుంది. మామూలు జూములు 35 లేదా 38 దగ్గర మొదలవుతాయి, 28 దగ్గర మొదలయ్యేవి కొన్నే. అమ్మేవాళ్ళు ఆ రెండింటినీ ఒకే గాటన కట్టి ధర చెబుతారు. మీరు ఆ 28 అంకె కోసమే చూడండి. మ్యూ జూమ్ వైడ్ 80 అంటే 28 నుంచి 80. ఎస్పియో 928 అంటే 28 నుంచి 90. రెండూ ఆన్ చేయగానే వెడల్పు వైపే తెరుచుకుంటాయి. జూమ్ మీట ముట్టుకోకుండా అక్కడే వదిలేయండి, మీకు 28 కెమెరా దొరికినట్టే. పైగా మ్యూలు తుంపర్లకు తట్టుకునేలా చేసినవి. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద దాటేటప్పుడు చినుకు పడితే గబగబా సంచిలో దాచేయాల్సిన పని లేదు. అలాగని నీళ్ళలో ముంచకూడదు.

లోపాలూ చెప్పాలి. ఈ జూములు లోపలికి రానిచ్చే వెలుతురు తక్కువ. మ్యూ 28 దగ్గరే ఎఫ్ 4.5, పూర్తిగా లాగితే ఎఫ్ 8 దాకా పోతుంది (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది). అందుకని 400 రీలే వేయండి (రీలు మీది ఈ అంకె ఎంత పెద్దదైతే అంత తక్కువ వెలుతురు చాలు), ఇంకోటి వద్దు. ఇంకొకటి, మ్యూలలో ఆపి ఆన్ చేసిన ప్రతిసారీ ఫ్లాష్ మళ్ళీ ఆటోకి వచ్చేస్తుంది. మండువాలో ఫ్లాష్ వెలిగిందంటే ఆ పైనుంచి దిగే వెలుతురు, ఆ నీడలు అన్నీ పోతాయి. ఆన్ చేయడం, ఫ్లాష్ ఆపడం: ఈ రెండూ వేళ్ళకి ఒకే పనిలా అలవాటు కావాలి.

ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఇంట్లో తీసిన సంగతి చెబితే ఇది బాగా అర్థమవుతుంది. ఆ గది అడ్డంగా ఏడడుగులు ఉంటుందేమో. ఒక మూల పొయ్యి, దాని మీద బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకు మంట. ఆవిడ పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగుతుంది. రెప్పపాటులో కాగితం లాంటి రేకు లేచివస్తుంది. నా దగ్గరున్న 38 కెమెరాతో తీస్తే కుండా, రెండు చేతులే వచ్చాయి. ఆవిడ మొహం లేదు, పక్కన పేర్చిన రేకుల దొంతర లేదు. 28 తీసి, గుమ్మం చట్రానికి మోచెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కాను. మంట, కుండ, చెయ్యి, చెమట పట్టిన నుదురు, వెనక రేకుల దొంతర, అన్నీ ఒకే గడిలో. అదే చోట ఫ్లాష్ వెలిగిన ఫోటో కూడా ఒకటుంది. పొగ మీద వెలుతురు పడి మొత్తం తెల్లటి మసక, ఇంకేమీ లేదు. ఇరుకు చోట, మసక వెలుతురులో కెమెరా కదలకుండా ఏదో ఒకదానికి ఆనించడం లెన్స్ ధర కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

ఇక రెటో సంగతి. ఇది ఒకప్పటి వివిటార్ అల్ట్రా వైడ్ అండ్ స్లిమ్‌కి కొత్త అవతారం. లెన్స్ 22 ఎంఎం, ప్లాస్టిక్‌ది. ఎఫ్ 11, షట్టర్ 1/125, ఈ రెండూ మార్చలేం. బ్యాటరీ లేదు, ఫ్లాష్ లేదు, ఫోకస్ కూడా లేదు. చొక్కా జేబులో పెట్టుకుంటే బరువే తెలియదు. వెలుతురు ఎంత కావాలో కెమెరా చూసుకోదు కాబట్టి రీలు ఎంపిక అంతా మన మీదే. లెక్క వేస్తే 200 రీలుకి ఎండ మీద పల్చటి మబ్బు కమ్మినప్పుడు ఇది సరిగ్గా సరిపోతుంది. నడినెత్తిన ఎండ ఉంటే రెండు స్టాపులు ఎక్కువ, అంటే కావలసినదానికి నాలుగు రెట్లు వెలుతురు పడుతుంది, కలర్ నెగటివ్ దాన్ని సునాయాసంగా మింగేస్తుంది. ఆకాశం పూర్తిగా మూసుకున్న వర్షాకాలంలో 400 వేయండి. సాయంత్రం పొద్దు వాలాక, ఇంటి లోపల మాత్రం దీన్ని బయటికి తీయకండి, రీలు దండగ. మీ ప్రశ్నలో సగం ఇంటి లోపలిదే కాబట్టే దీన్ని జూముల తర్వాత పెట్టాను. అంతేగానీ లెన్స్ ప్లాస్టిక్ అని చిన్నచూపు లేదు. కడియపులంక నర్సరీల్లో మొక్కల వరసల మధ్య వంగి తీస్తే ఫోటో మూలలు మసకబారడం కూడా అందంగానే ఉంటుంది.

రెండు మాటల దగ్గర మోసపోకండి. ఒకటి "పనోరమా". చాలా పాత కాంపాక్ట్‌ల మీద ఆ మీట ఉంటుంది. అది ఫిల్మ్‌కి పైనా కిందా నల్లపట్టీ అడ్డుపెడుతుంది, అంతే. వెడల్పు ఒక్క అంగుళం పెరగదు. నాకు తెలిసి దీనికి మంచి మినహాయింపు రికో ఆర్1. దాని లెన్స్ 30 ఎంఎం, పనోరమా నొక్కితే మాత్రం నిజంగానే 24 అవుతుంది. రెండోది "హాఫ్ ఫ్రేమ్". కొడాక్ ఎక్టార్ హెచ్35 మీద 22 ఎంఎం అని రాసుంటుంది కానీ, అది సగం గడి మీదే తీస్తుంది కాబట్టి మామూలు లెక్కలో 31, 32 దగ్గర పడుతుంది. ఒక్క రీలుకి 72 ఫోటోలు వస్తాయి, అది మంచి బేరమే. కానీ 22 అనుకుని కొంటే మీ గోడ సమస్య తీరదు.

ఇవి కాక నిక్కాన్ ఏఎఫ్600, ఫ్యూజీ టియారా అని రెండున్నాయి. రెండూ 28 ఎంఎం ఎఫ్ 3.5, 1990లలో వచ్చినవి, అరచేతిలో ఇమిడిపోతాయి. పది వేలకి మంచి స్థితిలో దొరికితే కళ్ళు మూసుకుని తీసుకోండి, కానీ దొరకడం కష్టం. ఒలింపస్ ఎక్స్ఏ4 అంటే నాకు ప్రత్యేకంగా ఇష్టం. అదీ 28 ఎంఎమ్మే, 30 సెంటీమీటర్ల దగ్గరికి కూడా వెళ్ళొచ్చు. గడియారాల కొట్లో దొరికే రెండు బొత్తాం బ్యాటరీలతో నడుస్తుంది. దూరం మనమే కంటితో అంచనా వేసి పెట్టాలి. మొదటి రీలుకి అది కాస్త చికాకు. ఇప్పుడు దాని ధర కూడా పెరిగిపోయింది.

జీఆర్1 ఎందుకు వద్దన్నానంటే, లెన్స్ బాగోక కాదండి. ఆ 28 ఎంఎం ఎఫ్ 2.8 లెన్స్‌తో తీసిన ప్రింటు ఒక్కటి చూస్తే మనసు లాగేస్తుంది. కెమెరా 1996లో వచ్చింది. అంటే దాని లోపలి సర్క్యూటుకి దాదాపు ముప్పై ఏళ్ళు. పైన చిన్న తెరలో అంకెలు ఒక్కొక్కటే మాయమవడం దానికి అందరికీ తెలిసిన జబ్బు. ఆ తర్వాత మోటారు. విడిభాగాలు, బాగుచేసేవాళ్ళు దొరకడం చాలా కష్టం. యాభై వేలు దాటిన వస్తువు ఒకరోజు కదలకపోతే ఆ అప్పు మాత్రం కదలకుండా మిగిలిపోతుంది. ఎనిమిది వేల మ్యూ చచ్చిపోతే బాధపడతాం, ఇంకోటి కొనుక్కుంటాం. ఆ తేడా ఎంతో మీ జీతం మీకు చెబుతుంది.

పాత కెమెరా కొనేటప్పుడు ఏం చూడాలో చెప్పేముందు నాకు జరిగింది చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం ఒకాయన దగ్గర "అన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయి" అన్న మాట నమ్మి ఒక కాంపాక్ట్ తెప్పించాను. మోటారు తిరిగింది, ఫ్లాష్ వెలిగింది. దాన్నే పట్టుకుని అంతర్వేది రథం నాడు వెళ్ళాను. రీలు కడిగి వచ్చాక చూస్తే, 36 గడుల్లోనూ ఒక పక్కనుంచి నారింజరంగు చార. వెనక తలుపు అంచున ఉండే నల్ల ఫోమ్ కరిగిపోయి, కుడివైపు నుంచి వెలుతురు దూరింది. ఆ ఫోమ్‌ని వేలితో ఒక్కసారి ముట్టుకుని ఉంటే తెలిసిపోయేది. ఆ యేడు రథం ఫోటోలు నా దగ్గర ఒక్కటీ లేవు. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

అందుకని డబ్బు ఇచ్చేముందు ఇవి చూడండి: వెనక తలుపు తెరిచి ఫోమ్‌ని వేలితో నొక్కండి, బంకలా అంటుకుంటే మార్చాలి. నల్ల ఊలుదారం అంటించి నేనే మార్చేస్తాను, కష్టమేమీ కాదు, కాకపోతే ధర తగ్గించమని అడగొచ్చు. లెన్స్ మీద ఫోన్ టార్చి వాలుగా వేయండి. సాలెగూడు లాంటి తెల్లటి దారాలు కనిపిస్తే అది బూజు, వదిలేయండి. బ్యాటరీ అర తెరిచి ఆకుపచ్చ పొడి ఉందేమో చూడండి. జూమ్‌ని మూడుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించండి, శబ్దం ఒకేలా ఉండాలి. దగ్గర్లోవారైతే పాడైన రీలు ఒకటి జేబులో వేసుకెళ్ళి, చివరిదాకా తిప్పి, అదంతట అదే వెనక్కి చుట్టుకుంటుందో లేదో చూడండి. దూరం నుంచి తెప్పించేటప్పుడు ఇవన్నీ వీడియో తీసి పంపమనండి. పంపనన్నవాళ్ళ దగ్గర కొనకండి.

బూజు గురించి మనం మరీ జాగ్రత్తపడాలి. కాలువలు, చెరువులు, వరిచేలు, ఆపైన సముద్రం గాలి. మన డెల్టాలో జూన్ నుంచి నవంబరు దాకా బీరువాలోని తోలుచెప్పుకే బూజు పడుతుంది, లెన్స్‌ని వదులుతుందా? తోలు ఉర, బట్ట ఉర రెండూ తీసి పారేయండి, అవి తేమ పట్టుకుని ఉంటాయి. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో పెట్టండి. రంగు మారే రకం కొంటే ఎప్పుడు మళ్ళీ వేడి చేయాలో తెలుస్తుంది. బియ్యంలో పెట్టమని ఎవరైనా చెబితే వినకండి, ఆ దుమ్ము జూమ్ గొట్టంలోకి పోతుంది. రీళ్ళు ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు కానీ బయటికి తీసిన వెంటనే డబ్బీ మూత తీయకూడదు. గది వేడికి వచ్చేదాకా ఒకటి రెండు గంటలు అలాగే ఉంచండి, లేకపోతే ఫిల్మ్ మీద చెమ్మ దిగుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు వెళ్ళొచ్చిన రోజు రాత్రి కెమెరాని కొంచెం తడిగుడ్డతో, ఆ తర్వాత పొడిగుడ్డతో తుడవండి. ఉప్పు తెల్లారేదాకా ఆగదు.

ఇప్పుడు ప్రభల తీర్థం. కనుమ రోజు జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ళ రుద్రులు వస్తారు, మీకు తెలిసిందే. అక్కడ వెడల్పు లెన్స్ వాడటంలో ఒక చిక్కుంది. ప్రభ ఎత్తు చూసి అందరూ కెమెరాని పైకి ఎత్తుతారు. ఎత్తగానే ప్రభ వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది, 28లో ఇంకా ఎక్కువగా. కెమెరాని నిలువుగా తిప్పి, నేలకి సమంగా పట్టుకుని, కాళ్ళతో వెనక్కి జరగండి. నిలువుగా పట్టుకుంటే పై లెక్కే ఎత్తుకి పనికొస్తుంది. ఐదు మీటర్ల నుంచి 28తో 6.4 మీటర్ల ఎత్తు పడుతుంది, అంటే ఇరవై ఒక్క అడుగులు. కెమెరా సమంగా ఉంటే కింద చాలా భాగం నేల వస్తుంది కదా, ఆ చోటు వృథా అనుకోకండి. ఆ చోట్లోనే వరిచేను తొక్కుకుంటూ వచ్చే పాదాలు, బురద, భుజాల మీద బొంగులు మోసే కుర్రాళ్ళు పడతారు. గంగలకుర్రు వైపు ప్రభని కౌశిక కాలువ దాటించేటప్పుడు గట్టు మీద ముందుగానే చోటు పట్టుకోండి. నీళ్ళలోకి దిగిన తర్వాత "శరభ శరభ" అని అరుస్తూ ఊపు మీద వస్తారు, అప్పుడు పక్కకి జరగడానికి ఉండదు. అక్కడ జూమ్ లాగాలని చెయ్యి దురద పెడుతుంది. లాగకండి, 28లోనే ఉండి వాళ్ళు దగ్గరికి వచ్చేదాకా ఆగండి. చూపుడు వేలు కూడా చూసుకోండి. వెడల్పు లెన్స్‌లో వేలు, చేతిపట్టీ ఫోటో మూలలోకి వచ్చేస్తాయి. కంటితో చూసే కిటికీ వేరు, లెన్స్ వేరు కాబట్టి తీసేటప్పుడు మనకి తెలియదు.

మండువాలో ఇంకో మెలిక. మధ్య వాకిట్లో ఆకాశం వెలుతురు, చుట్టూ వసారాల్లో నీడ. కెమెరా ఆ వెలుగుని చూసి మోసపోయి స్తంభాలని నల్లగా చేసేస్తుంది. మీట సగం నొక్కి పట్టుకునే వీలున్నవాటిలో, ముందు నీడలో ఉన్న స్తంభం వైపు చూపించి సగం నొక్కండి, అలాగే పట్టుకుని కావలసిన వైపు తిప్పి పూర్తిగా నొక్కండి. పొద్దున తొమ్మిది, పది మధ్య అయితే ఈ బాధ తక్కువ.

ఖర్చు కూడా మనసులో పెట్టుకోండి. మంచి కలర్ రీలు వెయ్యి దాటింది. దగ్గర్లో రీళ్ళు కడిగే ల్యాబులు మిగల్లేదు. హైదరాబాదుకో, చెన్నైకో కొరియర్ చేయాలి. కడిగి, స్కాన్ చేసి పంపడానికి ఇంకొన్ని వందలు. అన్నీ కలిపి నా చేతి లెక్క రీలుకి పదిహేను వందల నుంచి రెండు వేల దాకా వస్తోంది. ఒకప్పుడు ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళ "ఇందు" రీళ్ళు మన కొట్లలోనే దొరికేవి, ఇప్పుడు ఆ ఫ్యాక్టరీయే లేదు. అందుకే కెమెరాకి పది వేలూ పెట్టేయకుండా ఏడెనిమిది వేల దగ్గర ఆగి, మిగిలింది రెండు రీళ్ళు కొనడానికి ఉంచుకోండి. మొదటి రీలు ఇంటి దగ్గరే, కొలతల కోసం, పొరపాట్ల కోసం. రెండోది తీర్థానికి. అమెరికా నుంచి ఎవరైనా రీళ్ళు తెస్తుంటే చేతిసంచిలోనే తెమ్మనండి. పెద్ద పెట్టెలో వేస్తే ఎక్స్-రేకి పాడవుతాయి. కొత్త స్కానర్లు ఉన్నచోట చేత్తో చూడమని అడగమనండి.

యాషికా అమ్మకండి. అమ్మితే వచ్చేది ఒక రీలు ఖర్చుకి కూడా చాలకపోవచ్చు. పైగా అమ్మమ్మగారిని ఒక్కరినే వీధి అరుగు మీద కూర్చోబెట్టి తీయడానికి 28 కన్నా ఆ 38 ఎంతో నయం, మొహం మొహంలా వస్తుంది. దానికి ఫ్లాష్ కోసం పెన్సిల్ సెల్స్ వేస్తారు కదా, నాన్నగారు వేసినవి ఇంకా లోపలే ఉన్నాయేమో ఈరోజే మూత తీసి చూడండి. కారి ఉంటే దూదిని కాస్త వెనిగర్‌లో ముంచి, పిండి, ఆ రేకు ముక్కలు మెరిసేదాకా తుడవండి. ఒక పూట ఆరనిచ్చాకే కొత్త సెల్స్ వేయండి.